పగిలిన సున్న

“పెండ్లింటికి పగిలిన గాజులు పంపుతవా చారీ? నీ కండ్లకు కనవడ్తలేదా?”

చారి కాకా దుకాణంలోంచి నర్సవ్వ గొంతు అది. పక్క దుకాణం ముందు టెంపో వెనక పేరు రాస్తున్న నేను కుంచె ఆపాను.

“గాజులు యాడున్నయ్ అవ్వా? అది సున్న. సంఘం అని రాసిన.”

“సున్నయితే గుండ్రంగ ఉండాలె. ఇది రెండు దిక్కుల తెగింది. గీ డ్రమ్ములకెల్లే పిలగానికి మంగళస్నానం నీళ్లు ముంచుతరు. వియ్యపురాలు చూస్తే ఏమంటది?”

“తెగకుంటే నడుమ బిళ్ల రాలిపోతది. సున్న పడది, తెల్ల మచ్చ పడ్తది. నీకెట్ల సమజ్ చెయ్యాలె?”

“నాకు కాదు, వియ్యపురాలికి సమజ్ చెయ్యి పో!”

మధ్యలో లింగమూర్తి కలగజేసుకున్నాడు. నర్సవ్వ కొడుకు. తెలుగు సంఘం పెద్ద ఆయనే, పెళ్లి కూడా ఆయన కొడుకుదే. “లొల్లి బంద్ చెయ్యుండ్రి. చారన్నా, ఆ సందులు కుంచెతోని నింపు. ఖతం.”

“నింప.”

చారి కాకా ఆ మాట అన్నాడంటే ఇక కదలడు. పూర్తి పేరు బ్రహ్మచారి. జగిత్యాల దిక్కున ఔసలివాళ్ల ఇంట్లో పుట్టాడు. ఊళ్లో బంగారం పని పోయాక మగ్గాలకు వచ్చేవాళ్ల వెంట సూరత్ వచ్చి, పాండేసర మిల్లులో బేళ్లు కట్టే చోట చేరాడు. గుడ్డ బేళ్ల మీద పేర్లు వేసే రేకులను అక్కడే మొదటిసారి చూశాడు. రేకులో అక్షరం తొలిచి, బేలు మీద ఆనించి, పైన సిరా రుద్దితే పేరు దిగుతుంది. ఎవరో తొలిచిన వంకర అక్షరాలు చూసి ఒళ్లు మండి, తండ్రి ఉలి తెప్పించుకుని తానే తొలవడం మొదలుపెట్టాడు, తర్వాత ఈ దుకాణం పెట్టాడు. ఇప్పటికీ ఆయన ఒళ్లు మండుతూనే ఉంటుంది. పని మాత్రం దానివల్లే నిలబడింది.

ఆయన అక్షరాలు లావుగా ఉంటాయి. సన్నగా తొలిస్తే గోనెపట్టా సిరా తాగి అక్షరాన్ని మింగేస్తుందట. కొసలు కత్తితో నరికినట్టు తిన్నగా ఉంటాయి. మూసుకుపోయే అక్షరమైతే లోపలి బిళ్లను పట్టుకోవడానికి రెండు రేకు పట్టీలు వదులుతాడు. రంగు వేసినప్పుడు ఆ పట్టీల చోటే ఖాళీ సందులుగా మిగులుతుంది. ఏ అక్షరంలోనైనా సందు వెడల్పు ఒకటే. చదువురాని హమాలీ కూడా ఆకారం చూసి ఏ బేలు ఏ లారీదో పోల్చుకుంటాడు. హజీరా ఓడరేవుకు వెళ్లే చెక్కపెట్టె దూరంగా కనిపించినా అది కాకా చెయ్యని నేను చెప్పగలను.

కానీ అన్నీ ఇంగ్లీషు, గుజరాతీ. తెలుగు కావాలని ఈ ఊళ్లో ఎవడూ అడగలేదు. మొన్న సంఘం అడిగింది. పెళ్లిళ్లకూ చావులకూ ఇంటింటికీ తిరిగే నీళ్ల డ్రమ్ములవి, పేరు లేకపోతే తిరిగిరావు. ‘తెలుగు సంఘం, సూరత్’ అని తొలవాలి. కాకా మిగతా పనులన్నీ పక్కన పడేశాడు. ఎన్ని రేకులు పాడుచేశాడో! “ఇంగ్లీషుకు కాళ్లున్నయ్ రా, నిలవడ్తది. మనదంత కడుపే,” అని తిట్టుకుంటూనే సున్నలకూ, ‘ర’కూ పట్టీలు కుదిర్చాడు. డ్రమ్ములకు పట్టీలు సన్నగా ఉంటే చాలన్నాను. వినలేదు. సన్న పట్టీ బ్రష్షు రుద్దుడుకు వంగిపోతుందని బేళ్లకు వేసినంత వెడల్పే వేశాడు. పెళ్లిలో ఆ సున్న ఎలా కనిపిస్తుందో ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కుంచె డబ్బాలో పడేసి లోపలికి వెళ్లాను.

“హజీరా డ్రమ్ముల మీద అక్షరాలన్ని గిట్లనే ఉంటయ్ అవ్వా.”

“హజీరా డ్రమ్ములకు లగ్గాలు చేస్తరా బిడ్డా?”

లింగమూర్తి పకపకా నవ్వాడు. కాకా నవ్వలేదు.

“సీదా మాట చెప్తున్న చారన్నా,” అన్నాడు లింగమూర్తి. “నింపుతవా? లేకుంటే చెరిపేసి స్టిక్కర్ కొట్టిపిస్త. కంప్యూటర్ల గుండ్రంగ వస్తది. నింపుడు నీతోని కాకుంటే రేపు బోర్డులు రాసే లింగాన్ని తోలుత.”

కాకా డ్రమ్ము వైపు చూశాడు. నేనూ చూశాను. నీలం డ్రమ్ము మీద ఎదురెదురుగా రెండు తెల్లటి సగాలు. ముసలామె అన్నది నిజమే. ఒకసారి గాజుముక్కలుగా కనిపించాక మళ్లీ సున్నగా చూద్దామన్నా నా వల్ల కాలేదు. అందుకే ఇంకా మండింది.

వాళ్లు వెళ్లగానే అందుకున్నాను. “ఒప్పుకోకు కాకా. స్టిక్కర్లే అతికించుకోనియ్యి, నీళ్లు తాకంగనే ఊడిపోతయ్. అప్పుడు నీ దగ్గరికే వస్తరు.”

“స్టిక్కర్ ఊడితే ఇంకో స్టిక్కర్ అతికిస్తరు. నా తాన్కి ఎవడొస్తడు?”

“రాకుంటే పాయె. వాళ్లకేం తెలుసు?”

“వాళ్లకు గాజులు తెలుసు.”

కిరసనాయిల్ గుడ్డతో రేకును ఒక్కో అక్షరం తుడవసాగాడు. నాకు ఆ రేకు లాక్కుని రోడ్డు మీదికి విసిరేయాలనిపించింది. ఇంత చేసి వాళ్ల మాటకు తల ఊపడమేమిటి? ‘ర’ దగ్గర ఆయన గుడ్డ ఆగింది.

“లింగంగాడు నింపితే అంచుల మీదికి ఎక్కిస్తడు,” అన్నాడు. “నీ చెయ్యి వణకది. నువ్వే నింపు బిడ్డా. సున్నలు రెండే నింపు. ‘ర’ జోలికి పోకు.”