ఎవరిదీ కాని వంతెన

1982లో నేను వెస్ట్ వర్జీనియా కొండల్లో హోమ్ హెల్త్ నర్సుగా పనిచేసేదాన్ని. ఆస్పత్రి నుంచి పంపించేసిన రోగులను వాళ్ల ఇళ్లకే వెళ్లి చూసుకోవడం ఆ ఉద్యోగం. గుంటూరులో నర్సింగ్ చదివి వచ్చిన నాకు బొగ్గంటే కుంపట్లో వేసేదే తెలుసు. ఇక్కడ నా వంతుకు వచ్చినవన్నీ బొగ్గు ఊళ్లే.

అందులో ఒక ఊరి సంగతి ఇది. దాని పేరు రాయను. ఇళ్లు, దుకాణం, సినిమా హాలు, చివరికి చర్చి కూడా గని కంపెనీయే కట్టింది. గని మూతపడ్డాక కంపెనీ వెళ్లిపోయింది, ముసలివాళ్లు మిగిలారు. ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్లలో సగం ఖాళీ. ఆ ఖాళీ ఇళ్ల వసారాల్లో కూడా పక్కింటివాళ్లు పూలకుండీలు పెట్టి నీళ్లు పోసేవారు. బయటివాళ్లు వచ్చి ఊరు చచ్చిపోయిందని అనుకోకూడదట.

అక్కడ నా పేషెంట్ హోబర్ట్. వయసొచ్చిన దగ్గర్నుంచి గనిలోనే పనిచేసిన మనిషి. ఆయనది బ్లాక్ లంగ్, అంటే బొగ్గు దుమ్ము పేరుకుని ఊపిరితిత్తులు బిరుసెక్కిపోయే జబ్బు. మంచం నుంచి వంటింటికి వెళ్లాలంటే మధ్యలో కుర్చీ వేసి ఉంచాలి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం రాత్రింబగళ్లు ఉండాల్సిందే. సిలిండర్లు సక్రమంగా వచ్చినన్నాళ్లు ఆయన ఇంట్లో ఉండొచ్చు, రాకపోతే దూరాన పట్నంలో ఉన్న నర్సింగ్ హోమ్‌కి పోవాలి. నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరలా చిన్న ఆస్పత్రి కాదు, ముసలివాళ్లను చివరిదాకా ఉంచే చోటు. ఆయన భార్య ఎడ్నాకు డ్రైవింగ్ రాదు. ఆయన అక్కడికి పోతే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం గగనమే.

"మిస్ సుగుణా, బతికినన్నాళ్లూ కంపెనీ ఎక్కడికి దిగమంటే అక్కడికి దిగాను. చావడం మాత్రం నా ఇంట్లోనే" అనేవాడు హోబర్ట్.

ఊళ్లోకి వెళ్లాలంటే వాగు మీద కంపెనీ కట్టిన వంతెన ఒక్కటే దారి. ఆ చలికాలం మొదట్లో వంతెనలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఎవరో వచ్చి, కింది దూలాలు పుచ్చిపోయాయని, ట్రక్కులు వెళ్లకూడదని బోర్డు పెట్టి పోయాడు. ఆక్సిజన్ ట్రక్కు ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది. నేను వెనకే కార్‌లో ఉన్నాను.

"సిలిండర్లు ఇక్కడ దించండి. ఊళ్లోవాళ్లు చిన్న బండిలో తీసుకెళ్తారు" అన్నాను డ్రైవర్‌తో.

"కుదరదు మేడమ్. పేషెంట్ గదిలో పెట్టి రెగ్యులేటర్ నేనే బిగించాలి. రోడ్డు మీద వదిలేస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

అతని మొహంలో సిగ్గు కనిపించింది. అయినా నిండు సిలిండర్లతో బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

నేను ఫోన్లు మొదలుపెట్టాను. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. ఆ ఆఫీసువాళ్లు వాగుకు అటూ ఇటూ రోడ్డు తమదేనని, వంతెన మాత్రం కంపెనీదని అన్నారు. కంపెనీవాళ్లు ఆస్తి మొత్తం ఎప్పుడో అమ్మేశామన్నారు. కొన్నవాళ్లు తాము కొన్నది భూమి లోపలి బొగ్గేనని, పైనున్న వంతెనతో తమకు సంబంధం లేదని అన్నారు. ముగ్గురూ ఎంతో మర్యాదగా మాట్లాడారు. నాకు ఒళ్లు మండిపోయింది. బొగ్గు బయటికి పోయినంత కాలం ఆ వంతెనకు యజమాని ఉన్నాడు. ఊపిరి లోపలికి రావాల్సి వచ్చేసరికి అది అనాథ అయిపోయింది!

నన్ను పనిలో పెట్టుకున్న నర్సింగ్ ఏజెన్సీ స్టోర్‌లో చేత్తో మోసుకెళ్లే చిన్న సిలిండర్లు ఉండేవి. స్టాఫ్ ఎవరూ వాటిని తమ కార్లలో తీసుకెళ్లకూడదని రూలు. నేను తీసుకెళ్లాను. సూపర్‌వైజర్‌కి తెలిసి, మళ్లీ ఆ పని చేస్తే తీసేస్తానంది. ఇంటికి వచ్చి మా ఆయన ప్రభుదాస్‌కి చెప్పాను.

"నీ కోపం నాకర్థమైంది సుగుణా. కానీ మన గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది కదా. స్పాన్సర్ చేసింది నీ జాబే" అన్నారాయన.

"మన పేపర్లు క్లియర్ అయ్యేదాకా ఆయన ఊపిరి బిగబట్టుకుని ఉంటాడాండీ?"

ఆయన లేచి కారు తాళాలు అందుకున్నారు. తర్వాత, "ఆ రూల్ స్టాఫ్ కార్లకే కదా? నేను స్టాఫ్ కాదుగా. నేను డ్రైవ్ చేస్తాలే" అన్నారు. అలా కొన్నాళ్లు నెట్టుకొచ్చాం గానీ, చిన్న సిలిండర్లు కొన్ని గంటలకే అయిపోయేవి.

అప్పుడు హోబర్ట్‌తో కలిసి పనిచేసిన ముసలివాళ్లు కదిలారు. గనిలో పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టి బిగించడాన్ని టింబరింగ్ అంటారు. వాళ్లు జన్మంతా చేసిన పని అదే. వాగులోకి దిగి, వంతెనను గని పైకప్పులాగే చూసి, దుంగలు నిలబెట్టి మేకులు కొట్టారు. అందరివీ పాడైన ఊపిరితిత్తులే. ఒకరికి ఆయాసం వస్తే ఒడ్డున కూలబడేవారు, ఇంకొకరు సుత్తి అందుకునేవారు. ట్రక్కు డ్రైవర్ వచ్చి కిందికి వంగి చూశాడు. ఏమనుకున్నాడో, బోర్డును పట్టించుకోకుండా మెల్లగా దాటించేశాడు. ఆ రోజు ఎడ్నా నాకు ఆపిల్ పై అనే తీపి వంటకం తినిపించి గానీ వదల్లేదు.

మర్నాడే ఆ దుంగల సంగతి కౌంటీకి తెలిసింది. అనుమతి లేకుండా వంతెనలో మార్పులు చేశారని, కార్లు కూడా వెళ్లకుండా సిమెంటు దిమ్మెలు అడ్డం పెట్టించేశారు. ఈసారి నేనే ఆఫీసుకి వెళ్లాను.

"వంతెన మీది కాదన్నారుగా?"

"మాది కాదమ్మా. మూసే అధికారం మాత్రం మాదే" అన్నాడు అక్కడి ఆఫీసరు, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా.

ఇక ట్రక్కు రాదు, చిన్న సిలిండర్లు చాలవు, నర్సింగ్ హోమ్ తప్పలేదు. హోబర్ట్‌ను వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ముసలివాళ్లే వంతుల వారీగా మోస్తూ వంతెన దాటించారు. అంబులెన్స్ ఇవతల నిలబడింది. గొట్టం సర్దుతున్న నా చెయ్యిని ఆయన దారి పొడవునా వదల్లేదు. నర్సింగ్ హోమ్‌లో చలికాలం పోకముందే పోయాడు. చర్చివాళ్లెవరైనా కార్‌లో తీసుకెళ్లినప్పుడే ఎడ్నా ఆయన్ని చూడగలిగింది. చివరి రోజు ఎవరూ ఖాళీగా లేరు.

మంచు కరిగాక ఎడ్నాను చూడటానికి వెళ్లాను. వాగు దగ్గర కారు ఆపి చూశాను. దిమ్మెలు లేవు. దుంగలు పీకేసి కొత్త ఉక్కు దూలాలు వేశారు. దాని మీద నుంచి పెద్ద పెద్ద ట్రక్కులు పోతున్నాయి. పాత గని పట్టాలు, యంత్రాలు కోసి తుక్కు ఇనుముగా తరలిస్తున్నారు. ఈ వంతెన ఎవరిదని అక్కడున్న మేస్త్రీని అడిగాను.

"తెలీదు మేడమ్. మాకు దాటాల్సి వచ్చింది, బాగుచేసుకున్నాం. ఎవరూ వద్దనలేదు" అన్నాడు.

ఎడ్నా వసారాలో కూర్చుని ఆ ట్రక్కుల్నే చూస్తోంది. నేను పక్కన కూర్చున్నాను.

"హోబర్ట్ కూడా ఇనుమై పుట్టాల్సింది, హనీ" అంది.

ఆ రోజు నుంచి, కొత్త పేషెంట్ ఇంటికి వెళ్లే ముందే దారి ఎవరిదో, వంతెన ఎవరిదో, కరెంటు లైను ఎవరిదో కనుక్కోవడం నా పనిలో భాగమైపోయింది. అది మా పరిధి కాదని ఎవరైనా అంటే, మరి ఎవరి పరిధో తేలేదాకా వాళ్ల ఆఫీసులో కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. మొండిదని పేరొచ్చింది. వస్తే రానీ. తుక్కు బయటికి పోవడానికి బాగుపడిన వంతెన మనిషికి ఊపిరి తేవడానికి ఎందుకు బాగుపడలేదో, ఇన్నేళ్లయినా నాకు ఎవరూ చెప్పలేదు.