తొమ్మిది నోళ్ల దువ్వెనాయన

ఆ ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకుని నేనున్నది రెండేళ్లు. నా మట్టుకు అది చాలా ఎక్కువ. ఏడాది దాటితే నా కాళ్లు ఊరుకోవు. తిరిగిన ఊళ్లలో గడియారాలు బాగుచేసేవాళ్లతో, ఓడలకు రంగులేసేవాళ్లతో, పాత పుస్తకాలకు అట్టలు కట్టేవాళ్లతో పూటలు పూటలు కూర్చున్నాను. నోళ్లు గీసి బతికిన మనిషిని మాత్రం ఆ ఒక్క ఇంట్లోనే చూశాను.

పనిచేసే కార్టూన్ల స్టూడియోలో ఆమెను అందరూ నోళ్లక్క అనేవారు. ఆ రోజుల్లో టీవీలో వారం వారం ఒక కార్టూన్ సీరియల్ వచ్చేది, అంతా హాస్యం. అందులో వార్తలు చదివే పెద్దమనిషి ఒకడుండేవాడు. పేరేదో పెట్టారు గానీ జనానికి ఆయన దువ్వెనాయనే. ఊరు వరదలో మునుగుతున్నా, నెత్తిమీద కప్పు ఎగిరిపోతున్నా, ముందు జేబులోంచి దువ్వెన తీసి క్రాపు సర్దుకుంటే గానీ నోరు విప్పడు. చివర్లో కెమెరా మీదికి ఒరిగి, "ఇవీ ఈనాటి వార్తలు. ఇంతకీ, నేనెలా ఉన్నాను?" అనేవాడు. మా వీధి ఇస్త్రీ ఆయన కూడా మడతలు అందిస్తూ, "ఇవీ ఈనాటి చొక్కాలు. ఇంతకీ, నేనెలా ఉన్నాను?" అని ఒరిగేవాడు.

దువ్వెనాయన ఒళ్లు ఒకరు గీసేవారు, చేతులు ఇంకొకరు. నోరు మాత్రం నోళ్లక్కది. ముందు గొంతు రికార్డు చేస్తారు. ఆ మాటల్ని సెకనుకు పన్నెండు ముక్కలుగా తరిగి, ఏ ముక్కకు ఏ నోరో పొడుగాటి కాగితం మీద రాసిస్తారు. నోళ్లు మొత్తం తొమ్మిది. పెదాలు మూసిన నోరు, బార్లా తెరిచిన నోరు, సున్నా చుట్టిన నోరు, పైపళ్లు కింది పెదవిని తాకే నోరు, ఇలా. మనుషుల ముద్దు మాటలూ తిట్లూ చావుకబుర్లూ అన్నీ ఆ తొమ్మిదింట్లో ఇమిడిపోతాయని ఆమె చెప్పాక, నాకు రెండు రోజులు పుస్తకం తెరవబుద్ధి కాలేదు.

కింద దీపం వెలిగే గాజుబల్ల, చెవి మీద పెన్సిలు, ఎదురుగా అరచేయంత అద్దం. ఆ అద్దంలోకి మాటను మెల్లగా పలకడం, తన నోరు ఎలా తిరిగితే అలా దువ్వెనాయన మూతి మీద గీయడం, అంతే ఆమె పని. అంత సోకులరాయుడికి నోరిచ్చిన ఈవిడ, తల దువ్వుకోకుండా గుమ్మం దాటబోయి, ఆ ఇంట్లోనే ఉండే సొంత అక్క చేత రోజూ చీవాట్లు తినేది.

గొంతు ఆమె బావది. పగలు బస్‌స్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగం. రికార్డింగు ఉందంటే మాత్రం గంజిపెట్టిన చొక్కా, పౌడరు, అత్తరు, పాపిడి తీసింది మళ్లీ తీయడం.

"చీకటి గదిలో మైకు ముందు నిలబడటానికి ఇంత హంగామా ఏంటి బావా? ఎవరు చూస్తారని?"

"గొంతుకు తెలుస్తుంది మరదలా. నలిగిన చొక్కా వేసుకుంటే నలిగిన మాటే వస్తుంది."

"ఇస్త్రీ పెట్టె పట్టుకునే చేతికీ తెలుస్తోంది లెండి," అని వంటింట్లోంచి అక్క.

ఒకరోజు నోళ్లక్క దవడపన్ను పీకించుకుంది. సూదిమందుకు మొహం ఒక పక్క మొద్దుబారింది. అయినా మర్నాటికి పని అప్పజెప్పాలి కాబట్టి సరాసరి బల్ల ముందుకు వచ్చి కూర్చుంది. అలవాటు మనిషిని ఎంత గుడ్డిగా నడిపిస్తుందో! అద్దంలో ఏం కనిపిస్తే అదే గీసుకుంటూ పోయింది. తప్పు ఎవరూ పట్టుకోలేదు. ఆ వారం దువ్వెనాయన వార్తలన్నీ మూతి ఒక మూలకు జారిపోయి చదివాడు, చివరి ప్రశ్నతో సహా.

బావ ఇంటికి ఊగిపోతూ వచ్చాడు. "నా మూతి వంకర తిప్పుతావా? ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది!"

"నిన్నెవరు చూశారు బావా? చూసింది బొమ్మని."

"నోరు మూసుకో!"

"ఏ నోరు? ఒకటోదా, తొమ్మిదోదా?"

మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదాయన. నాలుగో రోజు స్టూడియోకి ఉత్తరాలు గంపెడొచ్చాయి. దువ్వెనాయనకు ఏమైందంటూ కొందరు, పాపం మందు వేయించమని కొందరు, అలాగే ఉంచమని చాలామంది. ఆ గంప బావే మోసుకొచ్చి, మా అందరికీ వరసపెట్టి చదివి వినిపించాడు.

తర్వాత నేను ఆ ఊరు విడిచిపెట్టాను. సీరియల్ ఆగిపోయింది. నోళ్లు కంప్యూటరు చేస్తోందని, గాజుబల్లలు పాత సామాన్లవాడు పట్టుకుపోయాడని ఎవరో చెప్పారు. చాలా ఏళ్లకు అటువైపు వెళ్లి, పది రోజులు ఉందామని ఆ ఇంటి తలుపే తట్టాను. అక్క తలుపు తీసింది. లోపల గోడకున్న అద్దం వెనక్కి తిరిగి ఉంది. బీరువా అద్దానికి దుప్పటి కట్టి ఉంది.

బావకు నెల కింద పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ దారిలో పడ్డాయి గానీ మూతి ఒక పక్కకు జారింది, మాట ముద్దయిపోయింది. ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి గట్టిగానే చెప్పిందట: "రోజూ అరగంట అద్దంలో చూసుకుంటూ పలకాలండీ. ఈ మూడు నెలలే కీలకం. ఇప్పుడు వదిలేస్తే ఇంక మాట ఇంతే." ఆయన అద్దం మొహమే చూడనన్నాడు. పలక మీద "అద్దం తెస్తే అన్నం మానేస్తా" అని రాసి చూపించాడు. బస్‌స్టాండు నుంచి పాత స్నేహితులొస్తే నిద్ర నటించాడు. అప్పటికే ఒక నెల పోయింది.

"గొంతు పోతే ఈయన దగ్గర ఇంకేముంది మాస్టారూ?" అంది అక్క నాతో, చిన్నగా.

నోళ్లక్క మంచం కింది నుంచి అట్టపెట్టె లాగింది. జుట్టు నెరిసింది, పెన్సిలు మాత్రం చెవి మీదే ఉంది. బావకు ఎదురుగా కుర్చీ వేసుకుని, అందులోని పాత నోళ్ల కాగితాలు ఒక్కొక్కటే తన మూతికి అడ్డంగా పట్టుకుంది.

"నీ మొహం చూసుకోవద్దులే. దువ్వెనాయన్ని చూడు. ఇదిగో, పెదాలు మూసే నోరు. ప."

ఆయన గోడవైపు తిరిగాడు. మర్నాడూ అంతే. రెండో రోజు సాయంత్రం ఆమె కూర్చుని పెట్టె అడుగంతా వెతికింది.

మూడో రోజు తాడు కట్టిన మందపాటి కాగితాల కట్ట ఒకటి పట్టుకొచ్చి, ఆయన మొహం దగ్గర పెట్టి బొటనవేలితో గలగలా తిప్పింది. మూతి జారిన దువ్వెనాయన కాగితాల మీద వార్తలు చదివాడు.

"గుర్తుందా? నన్ను మూడు రోజులు సాధించావు."

ఆయన చూశాడు. ఆమె మళ్లీ తిప్పింది. ముందు ఆయన పొట్ట కదిలింది. తర్వాత నవ్వు వచ్చింది. మూతి ఒక మూలనుంచే వచ్చింది గానీ చప్పుడుతో వచ్చింది. ఇంట్లో ఆ చప్పుడు విని నెల దాటిందేమో, అక్క గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇ... వీ," అన్నాడాయన. ఆగాడు. చొంగ తుడుచుకున్నాడు. "ఈనాతి... వాత్తలు. ఎలా... ఉన్నాను?"

నేను మర్యాదకు ఏదో మంచిమాట వెతుక్కుంటున్నాను. నోళ్లక్కకు ఆ అలవాటు లేదు.

"మూతి వంకరగా ఉంది బావా. జుట్టు ఇంకా ఘోరం. పిచ్చుకగూడు నయం."

ఆయన చెయ్యి ఠక్కున నెత్తి మీదికి వెళ్లింది. తడుముకున్నాడు. మొహం మాడ్చుకుని, "దువ్... వెన," అన్నాడు.

అక్క దువ్వెన తెచ్చి చేతిలో పెట్టి, ఏమీ ఎరగనట్టు, "అద్దం లేకుండా పాపిడి ఎలా తీస్తారండీ?" అంది.

ఆయన పెళ్లాన్ని చూశాడు, మరదల్ని చూశాడు, చివరికి నన్ను కూడా కోపంగా చూశాడు. తర్వాత దువ్వెనతోనే బీరువా వైపు చూపించాడు. అక్క దుప్పటి ముడి విప్పింది.

ముందు జుట్టే చూసుకున్నాడు. పాపిడి తీశాడు, నచ్చక చెరిపాడు, మళ్లీ తీశాడు. చాలాసేపు పట్టింది. ఎవరం తొందరపెట్టలేదు. అప్పుడు గానీ చూపు కిందికి, మూతి మీదికి దిగలేదు. దిగాక అక్కడే ఉండిపోయింది.

నోళ్లక్క ఒకటో నోరు తీసి అద్దం పక్కనే పట్టుకుంది.

"ప," అంది.

ఆయన అద్దంలోంచి చూపు తీయకుండా, ఆ నోరు కుదిరేలా వేళ్లతో పెదాలు దగ్గరికి నొక్కి పట్టుకున్నాడు.