ఎవరూ కొట్టని ఒకటో దెబ్బ

2023 వేసవి. తిరుపతి బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరంలో, ఒక టైలరు కొట్టు మేడమీద నా గది. పాత ఎల్పీలను, అంటే అరచేతులు రెండూ చాచి పట్టుకోవలసిన ఆ పెద్ద నల్ల రికార్డులను, కడిగి, వాయించి, కంప్యూటర్లోకి ఎక్కించి ఇవ్వడం నా పని. మా భాషలో దాన్ని ట్రాన్స్‌ఫర్ అంటాం. ఇరవై ఏళ్ళుగా ఇదే నా కూడు, గుడ్డ. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఈ పని నాకంటే బాగా చేసేవాడు ఉన్నాడంటే నేను ఒప్పుకోను. ఈ సంగతి చెప్పడం అయ్యాక కూడా ఒప్పుకోను.

నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా హరికథలు, భక్తి పాటలు, పెళ్ళి టేపులు. నా ప్రాణం మాత్రం రాక్ సంగీతం మీద. అందులోనూ ప్రోగ్రెసివ్ రాక్ అని ఒక శాఖ ఉంది. మూడు నిమిషాల పాట చాలదనుకున్న కుర్రాళ్ళు రికార్డుకు ఒక వైపంతా ఒకే పాట పరిచేవాళ్ళు. తాళం నాలుగులో మొదలై ఏడులోకి జారుతుంది, ఇంకాసేపటికి పదకొండులో తేలుతుంది. ఏడు లెక్కల మిశ్రచాపు తెలిసిన మన చెవికి అదేమంత వింత కాదు. ఇలాంటి ఆల్బం విస్తరి భోజనం లాంటిది. వడ ఒక్కటి తిని లేచిపోతానంటే కుదరదు, పప్పు నుంచి మజ్జిగ దాకా కూర్చోవాలి. ఫోన్లో పాటకొక ముక్క వినే పిల్లలకు ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. అయినా ఆదివారం పొద్దున ఓ నలుగురు నా గదికి వస్తారు, కూర్చుని మొదటినుంచి చివరిదాకా వింటారు. ఆ మాత్రం పుణ్యం చేసుకున్నాను.

ఆ వేసవిలో నగరి నుంచి మునిరత్నం అనే నేతకారుడు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. చీరల సంచిలోంచి దుప్పటిలో చుట్టిన ఎల్పీ ఒకటి తీశాడు. అట్ట చూడగానే రెండు చేతులా అందుకున్నాను. డెబ్బైల్లో మద్రాసు కాలేజీ కుర్రాళ్ళు నలుగురు సొంతంగా అచ్చు వేయించుకున్న ప్రోగ్రెసివ్ రాక్ రికార్డు అది. పాత సంగీతప్రియులు చెప్పుకోగా వినడమే గాని నేను కంటితో చూసింది లేదు.

"ఇది మీకెక్కడిది పెద్దాయనా?"

"వాళ్ళే పంపినారప్పా, పోస్టులో. నాకు పెండ్లైన మరుసటేడు ఆ నలుగురూ మా ఇంటికొచ్చినారు, జుట్లు ఇంతింత పెంచుకోని. పెద్ద టేపు మిషను తెచ్చినారు. మూడు దినాలుండి మా మగ్గం సద్దు పట్టుకోని పోయినారు. పాటలో పెడతామన్నారు. దీంట్లో నా మగ్గం ఉండాది నాయనా. నాకు ఇనిపిస్తావా?"

"అదేంటి, ఇన్నేళ్ళలో ఒక్కసారీ వినలేదా?"

"యాడ ఇనేది? మా ఇంట్లో వాయించే పెట్టె యాడిది? బడి అయివారింట్లో ఒకటి ఉండె. పొయ్యి అడిగితే, నీ రికార్డు పెడితే నా సూది పాడైతాది పో అన్నాడు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి చెవి పరీక్ష కాగితం తీసి నా ముందు పెట్టాడు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో సన్న శబ్దాలు పోయి, లావు శబ్దాలు మాత్రం మిగిలాయి.

"నలభై ఏండ్లుగా పవర్‌లూముల మధ్య ఉంటే సెవులేం మిగుల్తాయి? ఈ ఎడమది కూడా ఏడాదో రెండేండ్లో అన్నాడు డాక్టరు. అది పొయ్యేలోపల ఒక్కసారి ఇనాల. అంతే నాయనా నా కోరిక."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి. దుమ్మంతా దులిపి, నిన్న వాయించినట్టు వినిపిస్తాను," అన్నాను. అన్నమాట ప్రకారమే చేశాను కూడా. వచ్చిన చిక్కంతా అదే.

రెండో వైపంతా ఒకే పాట, ఇరవై నిమిషాలది. ఆర్గాన్ తాపీగా మొదలుపెడుతుంది, కింద బేస్ గిటారు ఏడు లెక్కలో అడుగులు వేస్తుంది, డ్రమ్ములవాడు వచ్చి చేరతాడు. ఏం పిల్లలబ్బా! ఒకడి మీద ఒకడు పడకుండా, ఒకడికొకడు దారి ఇచ్చుకుంటూ వాయించారు. అయితే నడుమ ఆరేడు నిమిషాల పాటు వెనకాల సన్నగా టక్, టక్ అని వినిపిస్తూ ఉంది. టైము చూశాను. టక్కుకూ టక్కుకూ నడుమ ఒకటి పాయింట్ ఎనిమిది సెకన్లు. ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం సరిగ్గా అంతే. రికార్డు మీద గీత పడితే చుట్టుకోసారి సూది దానికి తగిలి టక్కుమంటుంది. ఇది మా వృత్తిలో ఓనమాలు. దీపం కింద పెట్టి చూస్తే అక్కడ వెంట్రుకంత గీత కూడా కనిపించింది. ఇంకేం కావాలి నాకు?

ఇలాంటివి తీసే పనిని డీక్లిక్ అంటాం. ఒక టక్కును నమూనాగా చూపిస్తే, అలాంటివన్నీ కంప్యూటరే వెతికి తుడిచేస్తుంది. తుడిపించాను. మగ్గం సంగతి మరిచిపోయానా అంటే లేదు. చెవి రిక్కించి వెతికాను. నగరి వీధుల్లో నడిచినవాణ్ణి, మగ్గం అంటే నాకు తెలిసింది కరెంటుతో నడిచే పవర్‌లూమే. మాట వినపడనివ్వకుండా దడదడలాడుతుంది. ఆ దడదడ ఈ పాటలో ఎక్కడా లేదు.

మునిరత్నం వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇరవై నిమిషాలూ కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు.

"యాడా లేదే నాయనా. నా సెవికే ఇనబళ్ళేదా?"

"మీ చెవిది కాదు పెద్దాయనా. అందులో లేదు. నేను మూడుసార్లు విన్నాను." ఎంత ధీమాగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది.

"అంటే తీసేసినారన్నమాట. పోనీలే, పిల్లోళ్ళు. వాళ్ళకేం పట్టె మన సంగతి." రికార్డును నా వైపు తోశాడు. "నువ్వే పెట్టుకో. నేనింక దీన్ని ఏం సేసుకోను?" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

దాచుకోవడం ఎందుకు, నాకు లోపల సంతోషమే కలిగింది. అంత అరుదైన రికార్డు ఊరికే నా చేతికి వచ్చింది. ఆయన యాభై ఏళ్ళ ఆశ నా మెట్ల మీద దిగిపోతుంటే నేను అట్ట మీది మరకలు ఎలా పోగొట్టాలా అని చూస్తున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు వారాల తరవాత ఒక ఆదివారం ఆ పాటే పెట్టాను. నేను శుభ్రం చేసిన కాపీ. వచ్చినవాళ్ళలో హేమలత అనే అమ్మాయి ఉంది, మృదంగం నేర్చుకుంటోంది. నడుమ ఒకచోట అందరూ ఒక్కసారిగా ఆగిపోయి, ఆర్గాన్ ఒక్కటే స్వరం పట్టుకుని వేలాడుతుంది. "చూశారా, పాట మధ్యలో అంతసేపు ఆగడానికి ఎంత ధైర్యం ఉండాలి! సంగీతజ్ఞులంటే వీళ్ళు!" అని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. హేమలత వినడం లేదు. తొడ మీద తాళం వేసుకుంటోంది.

"సార్, ఈ ఏడులో సమం ఎవరు వేస్తున్నారు?"

"అంటే?"

"ఒకటో దెబ్బ సార్. డ్రమ్ములు, గిటారు, బేసు, అందరూ రెండు నుంచే అందుకుంటున్నారు. ఒకటి దగ్గర ఎవరూ లేరు."

"అది ప్రోగ్రెసివ్ తల్లీ, అలాగే ఉంటుంది," అన్నాను గురువుగారిలా. అన్నానే గాని నాకే నమ్మకం కుదరలేదు. నేనూ వేళ్ళు లెక్కపెట్టాను. నిజమే. ఆరేడు నిమిషాల పాటు ఒకటి దగ్గర అందరూ చేయి ఎత్తి ఆగుతున్నారు, ఎవరికో చోటు వదిలినట్టు. లేచి, తుడవని కాపీ పెట్టాను. టక్. రెండు మూడు నాలుగు ఐదు ఆరు ఏడు. టక్. అందరూ ఆగే చోటికి వచ్చేసరికి టక్కు కూడా ఆగింది. గీత ఎక్కడైనా ఆగుతుందా? రికార్డు తిరుగుతున్నంతసేపూ కొడుతూనే ఉండాలి. ఇది ఆగింది, మళ్ళీ మొదలైంది, నలుగురూ దాని వెనకే మొదలయ్యారు. పాటను నడిపింది ఆ టక్కే. నేను తుడిచేసింది దాన్నే.

"ఓరి నా అవివేకం కాలా!" అని గట్టిగానే అన్నాను. ఆయన పవర్‌లూముల్లోకి వెళ్ళి నలభై ఏళ్ళు, ఆ కుర్రాళ్ళు వచ్చి యాభై ఏళ్ళు. ఆ రోజుల్లో మునిరత్నం ఇంట్లో ఉన్నది పవర్‌లూము కాదు. గుంటలో కాళ్ళు పెట్టి, చేత్తో నేసే గుంట మగ్గం. అది దడదడలాడదు. పోగును అటూ ఇటూ మోసే నాడె పోయాక, ఆ పోగును బిగించే అచ్చుతో ఒక దెబ్బ, అంతే.

చెవి వినపడని మనిషికి ఫోన్లో ఏం చెప్పను? మర్నాడే రికార్డు, రెండు పెద్ద స్పీకర్లు, ల్యాప్‌టాప్ వేసుకుని పుత్తూరు మీదుగా నగరి బస్సెక్కాను. అంతకుముందే ఆయన నా దగ్గరే వదిలేసిన చెవి పరీక్ష కాగితం ప్రకారం ఇంకో కాపీ చేసి ఉంచాను. శబ్దంలో సన్నదనాన్నీ లావునూ విడివిడిగా పెంచే, తగ్గించే పనిని ఈక్యూ అంటాం. మగ్గం దెబ్బలో లావు భాగాన్ని పైకి లేపాను. ఈ పనిలో నన్ను కొట్టేవాడు లేడు.

మునిరత్నం పవర్‌లూముల షెడ్డులో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"తప్పు నాది పెద్దాయనా," అని అరిచి చెప్పాను. "మీ మగ్గాన్ని తీసేసింది ఆ పిల్లలు కాదు. నేను. గీత చప్పుడనుకుని నేనే తుడిచేశాను."

"నువ్వా! పదైదు దినాలుగా నేను ఆ పిల్లోళ్ళను తిట్టుకుంటా ఉండా గదప్పా! ఎంత పాపం సుట్టుకుండె నాకు!" అని లేచి, ఒక్కొక్క పవర్‌లూమే ఆపుకుంటూ వచ్చాడు. అన్నీ ఆగాక ఆ షెడ్డు ఎంత పెద్దదో తెలిసింది. ఆయన భార్య సంపూర్ణమ్మ వాకిలి దగ్గర నూలు కండెలు చుడుతోంది. ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడింది.

పాట పెట్టాను. ఆయన నేలమీద కూర్చుని ఎడమ చెవి స్పీకరుకు ఆనించి, అరచేయి పెట్టె మీద పెట్టాడు. మగ్గం మొదలైంది. ముసలాయన ముఖం విప్పారింది. "ఉండాది! ఉండాదబ్బా!" అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి, ఒప్పుకుంటాను. అంతలో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. పది దెబ్బలు, ఇరవై దెబ్బలు విన్నాడు.

"ఇది నా సెయ్యి గాదు."

"మీ మగ్గమే పెద్దాయనా, ఒట్టు."

"మగ్గం మాదే. సెయ్యి నాది గాదు. నేను పోగుకు రెండు దెబ్బలేస్తా, మా నాయన అట్ల నేర్పినాడు. ఇది ఒకటే దెబ్బ." అని మెల్లగా వాకిలి వైపు తిరిగాడు.

సంపూర్ణమ్మ చెయ్యి ఆగలేదు. "నన్నేల సూస్తావు? మొదటి రెండు దినాలూ వాళ్ళ మిషను సరిగా తిరగలే. మూడో దినం నువ్వు నూలుకని పుత్తూరు పోయినావు. అప్పుడు బాగైంది. కూసోమంటే కూసున్నా." ఇంతలో పాట ఆగే చోటు వచ్చింది. ఆర్గాన్ వేలాడింది. ఆమె పకపకా నవ్వింది. "ఇదో, ఈడ పోగు తెగింది! ఆపొద్దు ఆపొద్దని ఆ పిల్లోళ్ళు ఒకటే సేతులాడించడం. పోగు తెగితే ఎట్ల నేస్తారు? ముడేసి మళ్ళా ఎత్తుకున్నా."

ముందు రోజు నేనిచ్చిన ఉపన్యాసం తలుచుకుని తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక పోగు తెగితే, టేపులో మగ్గం ఆగిన చోట నలుగురు కుర్రాళ్ళూ దాన్ని గౌరవించి తమ వాయింపు ఆపారు. నాకు తెలిసిన ధైర్యం కంటే అదే పెద్దదేమో.

"యాభై ఏండ్లు నా మగ్గం, నా మగ్గం అని ఊరంతా సెప్పుకుంటి గదమ్మే," అన్నాడు మునిరత్నం. "నువ్వొక్క మాటన్నా అనలేదే!"

"నన్నెవురడిగినారు?" అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు.

ఆయన అరచేతిని పెట్టె మీంచి తీసేశాడు. నేను తెచ్చింది మంచా చెడా అని భయపడ్డాను. మిగిలిన ఆ కాస్త చెవితో తన మగ్గాన్ని వినాలని కదా వచ్చాడు, దాన్ని నేను ఒకసారి తుడిచేశాను, ఇప్పుడు ఆ చెయ్యి ఆయనది కాదని రికార్డే చెప్పింది. చివరికి చేత్తో నేల మీద తట్టి భార్యను పక్కకు పిలిచాడు. ఆమె కండె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

"మొదుటి నుంచి పెట్టు నాయనా," అన్నాడు నాతో. "ఇందాక నాదని ఇన్నా. ఈ తూరి ఈమెదని ఇంటా."

నా చెవుల మీద నాకు నమ్మకం ఏమీ తగ్గలేదు. ఒకటి పాయింట్ ఎనిమిది సెకన్లు అంటే ఇప్పటికీ గీత అనే అనుమానిస్తాను, నూటికి తొంభై తొమ్మిదిసార్లు గీతే అవుతుంది. కాని డీక్లిక్ మొదలుపెట్టేముందు, రికార్డు తెచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, "ఇందులో మీవాళ్ళెవరు? ఏం చేస్తున్నారు?" అని అడుగుతున్నాను. సగంమంది నీళ్ళు నములుతారు. ఇంట్లో అడిగి వస్తామంటారు. అడిగే రమ్మంటాను.