వేణుగోపాల్ సెట్టి పింజ లాగితే

ఆదోని పత్తి మార్కెట్లో వేణుగోపాల్ సెట్టి పింజ లాగితే ఇక ఎవరూ నోరెత్తరు. గింజ మీది దూది ఇంత గిల్లి, పోగుల పొడుగు తెలిసేలా రెండు చేతుల వేళ్ళ మధ్య పట్టి మెల్లగా విడదీసి, భుజం మీది నల్లగుడ్డపై పరుస్తాడు. "పొడుగు పింజప్పా" అన్నాడంటే ఆ కుప్పకు మంచి ధర వచ్చినట్టే. పొట్టి పింజ అన్నాడా, రైతు మొహం వాడిపోయినట్టే. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ ఇదే ఆయన పని.

ఆ వేళ్ళు ఊరికే ఉండవు. పెళ్ళిళ్ళలో పక్కవాళ్ళ పంచెల అంచులు నలిపి చూస్తాయి. ఒకసారి వియ్యంకుడి పట్టుపంచెలో నూలు కలిసిందని నలుగురిలో తేల్చేసి, భార్య అనసూయమ్మ చేత చీవాట్లు తిన్నాడు. అయినా ఆమె దగ్గరే గొప్పలన్నీ.

"పొట్టి పింజకు కొసలెక్కువ. ఉతికేకొద్దీ అవన్నీ పైకి లేచి గుడ్డ మీద ఉండలు కడతాయి. పొడుగు పింజ గుడ్డ శానా నున్నగా ఉంటాది, గట్టిగా ఉంటాది."

అలాంటి మనిషి మొన్న దసరాకు తనే నలిపి చూసి కొనుక్కున్న చొక్కా రెండు ఉతుకులకే ఉండలు కట్టింది. ఆయన వేళ్ళకు స్పర్శ తగ్గిందేమోనని అనసూయమ్మకు అనుమానం వచ్చింది. షుగరు వచ్చాక కాళ్ళు తిమ్మిరి అంటున్నాడు గానీ చేతుల మాట ఎన్నడూ ఎత్తలేదు. అడిగితే కుంగిపోతాడని ఆమె అడగలేదు. ఆయన మార్కెట్‌కు పోగానే పాత బ్లేడుతో ఆ ఉండలు గీకి, ఇస్త్రీ చేసి పెట్టేది. పిచ్చి ఇల్లాలు, అంతకంటే ఏం చేస్తుంది!

ఆ రోజు కోసిగి నుంచి ఓబుళేశు పత్తి తెచ్చాడు. ఏటా బెంగుళూరుకు కూలికి పోయేవాడు, ఈసారి వానలు పడితే ఊళ్ళోనే నిలబడి పండించాడు. సెట్టి పింజ లాగాడు. నల్లగుడ్డ మీద కురచగా పడింది. మళ్ళీ లాగాడు. అంతే.

"పొట్టి పింజప్పా."

ఓబుళేశు "అయితే మళ్ళా బెంగుళూరుకే పోవాల నేను" అంటూ కుప్ప పక్కన కూలబడ్డాడు. తూకం మధ్యాహ్నం పెట్టుకున్నారు.

సెట్టి భోజనానికి కాస్త పెందలాడే ఇల్లు చేరాడు. పెరట్లో అనసూయమ్మ ఒళ్ళో చొక్కా, చేతిలో బ్లేడు.

"ఏం చేస్తాండావు?"

దాచబోయి ఆగిపోయింది. "ఉండలు లేచినాయి. చూస్తే మీరు బాధపడతారని..."

చొక్కా అందుకుని నలిపాడు. వేళ్ళకు నున్నగానే ఉంది. కళ్ళకేమో ఉండలు కనిపిస్తున్నాయి.

"నాకు తెలీడంలే అనసూయా" అన్నాడు. ఎన్నాళ్ళుగానో తనకు తానే చెప్పుకోని మాట అది.

వెంటనే ఓబుళేశు గుర్తొచ్చాడు. పట్టు తెలియని వేళ్ళు దూదిని ఎంత గట్టిగా గుంజి ఉంటాయి! ఆ పింజ పొట్టిది కాదేమో, తనే తెంపాడేమో. వడ్డించిన అన్నం వదిలేసి స్కూటరు తీశాడు.

మార్కెట్లో హమాలీలు అప్పుడే ఓబుళేశు పత్తిని బస్తాలకు ఎత్తుతున్నారు.

"ఆపండప్పా!" అని అరిచి, నల్లగుడ్డ తీసి ఓబుళేశు మోకాలి మీద పరిచాడు. "నువ్వే లాగు. చంటిబిడ్డ తల దువ్వినట్ల, నిదానంగా."

ఓబుళేశు అలాగే లాగాడు. పింజ తెగకుండా పొడుగ్గా పరుచుకుంది.

మిల్లు తరఫున కొనే పుల్లయ్య వంగి చూశాడు. "అదేంది సెట్టీ, పొద్దున పొట్టిదంటివే?"

చుట్టూ జనం. సెట్టి తన వేళ్ళు చాచి చూపించాడు.

"పత్తి మంచిదే. నా వేళ్ళే సచ్చిపోయినాయప్పా."

మరునాడు పొద్దున అనసూయమ్మ వేరే చొక్కా అందించింది.

"అది కాదు, నిన్నటిది ఇయ్యి" అన్నాడు.

సగం గీకి వదిలేసిన ఆ చొక్కానే తొడుక్కుని, మిగిలిన ఉండలతోనే మార్కెట్‌కు పోయాడు.