పిడకల నెమలి

మొన్న మనవడి గృహప్రవేశంలో పాలు పొంగించడానికి ప్యాకెట్లో కొన్న పిడకలు అంటించారు. నున్నగా ఉన్నాయి, ఒక్క వేలి గుర్తూ లేదు. పొగ వాసన మాత్రం నరసరావుపేటలో మా వీధిగోడ వాసనే.

నా చిన్నతనం, కట్టెలు దొరకని యుద్ధం రోజులు. ఎదురింటి మస్తాన్‌బీ పిన్నికి సొంత గోడ లేక మా గోడకే పిడకలు కొట్టేది. అందరిలా వరసగా కాదు, పింఛం విప్పిన నెమలిలా. సంతకు పోయేవాళ్లు బండ్లాపి చూసేవాళ్లు. అది మా ఇంటి అందం కోసమే అనుకునేదాన్ని.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పిన్ని పింఛం ఊడబీకుతోంది. మబ్బు పట్టిందని, తడవకుండా తీస్తోందని నాకేం తెలుసు? నెమలిని కాల్చేస్తుందనుకుని, ఆమె లోపలికెళ్లగానే తట్టలో పిడకలన్నీ మోసుకుపోయి గేదెల తొట్టి వెనక దాచాను. అంతలో వాన కురిసి అన్నీ నానిపోయాయి. ఆ పూట వాళ్ల పొయ్యి వెలగలేదు. ఆమె పిల్లలు మా ఇంట్లో అన్నానికి కూర్చున్నారు. అది చూసి ఏడుస్తూ పోయి పిన్నికి చెప్పేశాను.

"ఏందే పిచ్చిదానా, బొమ్మ చూసుకుంటా కూర్చుంటే బువ్వ ఎట్టా ఉడుకుద్ది? రేపు ఇంకోటి కొడదాంలే. నెమలి కంటి పిడక నువ్వు కొట్టు" అంది పిన్ని.

కొట్టాను. ఎండాక నేనే ఊడబీకి ఆమె పొయ్యిలో పెట్టాను. అది కాలి బూడిదయ్యాక కూడా దానిమీద నా ఐదు వేళ్లూ తెల్లగా నిలిచాయి. పిన్ని దాన్ని కదపకుండానే అన్నం వార్చింది.