మా తోడికోడలి రాక్షసులు

మా తోడికోడలు పోయి నెల దాటింది. స్కూల్లో డ్రాయింగ్ పాఠం చెబుతూనే గుండె పట్టుకుని కూర్చుండిపోయిందట. నాకు కబురొచ్చేసరికే అంతా అయిపోయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆవిడ శిష్యురాలు రాసిపెడుతోంది. కర్మ భోజనాల దగ్గర బంధువులు కొందరు, "మనిషి మంచిదే గానీ, రాక్షసుల పిచ్చి" అని నవ్వారు. ఆ నవ్వుకు నా జవాబు ఇది.

ట్రైనింగుకు బెంగుళూరు వెళ్లి ఆవిడ ఒక ఆట నేర్చుకొచ్చింది. ఒకరు కథ నడిపిస్తుంటే, మిగతావాళ్లు వీరులై పాచికలు వేసుకుంటూ ఆ కథలో సాహసయాత్ర చెయ్యాలి. అడ్డొచ్చే రాక్షసులు బల్ల మీద నిలబడాలి. అలాంటి బొమ్మలు రాజమండ్రి షాపుల్లో ఎక్కడివి? బొటనవేలంత రాక్షసులను మట్టితో తానే చేసి, ఊకలో కాల్చి, రంగులు వేసేది. తన దగ్గర చదువుకుని ఉద్యోగాల్లో చేరిన ఆడపిల్లలు నలుగురు ఆదివారం మధ్యాహ్నాలు వచ్చి ఆడేవారు. ఒక్క కథే మూడేళ్లు నడిచింది.

మొదట్లో నేనొక ఘనకార్యం చేశాను. అరుగు మీద ఆరబెట్టిన రెక్కల రాక్షసిని చూసి దిష్టిబొమ్మ అనుకున్నాను. మా గేదె ఈనిన రోజులవి. తీసుకెళ్లి పాక గుమ్మానికి కట్టేశాను. ఆదివారం అందరూ బల్ల చుట్టూ చేరారు, రాక్షసి లేదు.

"ఏమే, అది దిష్టికి కాదా?" అన్నాను.

"కాదక్కయ్యా, ఈ వారం వీళ్లని మింగాల్సింది అదే."

"విప్పి తెచ్చెయ్యనా?"

"వద్దులెండి. డ్యూటీలో చేరిపోయింది కదా, గేదెనే కాయనివ్వండి."

నిమ్మకాయకు నాలుగు పుల్లలు గుచ్చి బల్ల మీద నిలబెట్టింది. ఆ నిమ్మకాయ చేతిలో ఇద్దరు వీరులు చచ్చారు.

ఆ తర్వాత నన్నూ పనిలో కూర్చోబెట్టింది. ఆత్రేయపురంలో పుట్టినదాన్ని, వేడి కుండ మీంచి పూతరేకు చిరగకుండా తీసిన చెయ్యి నాది. ఆవిడ ముందు బొమ్మంతా నల్లరంగు పూసేది. తర్వాత లేతరంగులో ముంచిన కుంచెను గుడ్డకు తుడిచి, రంగు ఉందో లేదో అన్నట్టున్నప్పుడు పొలుసుల మీద పైపైన రాసేది. మిట్టలు మెరిసేవి, పల్లాలు నల్లగానే ఉండిపోయేవి. "వెయ్యడం కంటే తుడవడమే కష్టం అక్కయ్యా" అనేది. అన్నీ అయ్యాక కళ్లు నాకు వదిలేది. నేను కోపంగా గుడ్లురిమేలా పెడితే ఒప్పుకునేది కాదు.

"వాడు వందేళ్లుగా గుహలో ఒక్కడే ఉన్నాడండి. ఎవరైనా వస్తారేమోనని చూసే కళ్లు పెట్టండి."

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని గేటు వైపు నేను చూసేది అలాగే.

అస్థికలు కలపడానికి వెళ్లే రోజు పొద్దున్నే మా మరిది, అంటే ఆవిడ భర్త, మా ఇంటికి వచ్చాడు. బొమ్మల పెట్టె అప్పటికే తెచ్చి నా దగ్గర పెట్టుకున్నాను.

"వదినగారూ, ఆ పెట్టె ఇవ్వండి. అదీ గోదాట్లో వదిలేస్తాను."

"ఏం పాపం చేశాయయ్యా అవి?"

"తన చేతి రంగులండి. చూడలేకపోతున్నాను."

"చూడలేకపోతే చూడకు. నేను చూసుకుంటాను. నీకు భార్య పోయింది. నాకెవరు పోయారో ఒక్కరైనా అడిగారా?"

అతను తల దించుకున్నాడు. చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పెట్టె తెరిచాను. పైనే ఉన్నాడు, ఆవిడ ఆఖరుగా చేసిన నీటి రాక్షసుడు. రంగులన్నీ వేసి కళ్లు నాకోసం ఉంచింది. అతని ఎదుటే కూర్చుని కుంచె తడిపాను. ఒక కన్ను పెట్టాను. కుంచె మళ్లీ తడిపి రెండోదీ పెట్టాను. కొంచెం వంకరగానే వచ్చింది. తీసుకెళ్లి మరిది అరచేతిలో నిలబెట్టాను.

"తడిగా ఉన్నాయి, వేళ్లు మూయకు. ఆరాక నీ ఇష్టం. గోదాట్లోనే వేసుకో."

బయట ఆటోలోంచి అతన్ని పిలుస్తున్నారు. అతను కదలలేదు. గుమ్మంలో ఎండ పడేచోట అరచెయ్యి చాపి, ఆ కళ్లనే చూస్తూ నిలబడ్డాడు. రంగు ఎప్పుడో ఆరిపోయింది. వేళ్లు మాత్రం మూయలేదు.