డొల్ల పలికిన బండ

దయ్యాలు, గాలి సోకడాలు నా దగ్గర ఎప్పుడూ చెల్లలేదు. మా వీధిలో ఫలానా ఆవిడకు గాలి సోకిందంటే, ముందు ఆవిడ పొద్దున్నే ఏమన్నా తిన్నదో లేదో కనుక్కురండి అనే రకం నేను. పెళ్లయినప్పటి నుంచీ కుట్టుమిషన్ మీద బతికినదాన్ని. కంటికి కనపడే దారం, చేతికి తగిలే గుడ్డ, అంతవరకే నా నమ్మకం. ఇప్పుడు రాస్తున్నది ఎవరినో నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. దీనికి అర్థం చెప్పగలిగినవాళ్లుంటే వింటాను.

మాది గురజాల దగ్గర ఒక పల్లె. చుట్టూ నాపరాళ్ల క్వారీలు, బండలు కోసి నునుపు పెట్టే ఫ్యాక్టరీలు. మా ఆయన కోటయ్య బండలు పరిచే మేస్త్రీ. పిల్లలు లేరు. ఆయనకు నేను, నాకు ఆయన.

ఆయన పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. బండ కింద సిమెంటూ ఇసుకా కలిపిన మాలు వేసి, దానిమీద బండ కూర్చోబెడతారు. మాలు నిండుగా ఉందో లేదో చూడటానికి తాపీ పిడితో బండ మీద కొడతారు. నిండుగా ఉంటే గట్టిగా పలుకుతుంది. కింద ఖాళీ ఉంటే డొల్లగా, ఖాళీ బిందె మీద కొట్టినట్టు పలుకుతుంది. పని అయ్యాక పరిచినవాడు కాకుండా ఇంకొక మేస్త్రీ వచ్చి, గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఒక్కో బండా కొట్టుకుంటూ పోతాడు. డొల్ల పలికిన చోట సుద్దతో ఇంటూ గుర్తు పెడతాడు. గుర్తు పడిన బండను మర్నాడు పీకేస్తారు. పరిచినవాడికి అంతకన్నా తలవంపు లేదు.

"నా బండ మీద ఇంతవరకు సుద్ద పడలేదే" అనేవాడు మా ఆయన. అన్నం తింటూ కూడా అదే మాట. నేను ఎగతాళి చేసేదాన్ని. అంత గొప్ప మేస్త్రీ ఇంట్లో ఉన్నది మాత్రం పగుళ్లు పడ్డ సిమెంటు గచ్చు. మనింట్లో ఎప్పుడు పరుస్తావయ్యా అంటే, ఈ పని అవనీ అనేవాడు. ఆ పని అయ్యేలోపు ఇంకో పని వచ్చేది.

బండలు మిషన్‌తో కోసేటప్పుడు లేచే దుమ్ము ఏళ్ల తరబడి పీల్చాడు. మొహానికి కట్టుకోమని తువ్వాలు ఇస్తే తలకు చుట్టుకునేవాడు. దగ్గు వదలకపోతే నరసరావుపేట తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే చూపించి, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, అది ఇక బయటికి వచ్చేది కాదనీ చెప్పాడు. దుమ్ము లేని చోట ఉంచితే కొంతకాలం బాగుంటాడన్నాడు. మా ఊళ్లో దుమ్ము లేని చోటు ఎక్కడుంది? మూత పెట్టిన పప్పులో కూడా పళ్లకు తగిలేది.

అప్పుడు ఆదిలక్ష్మి అక్క గుర్తొచ్చింది. వాడరేవు బీచ్ దగ్గర ఆమెకు చిన్న లాడ్జి ఉంది. అది కట్టినప్పుడు నేల మొత్తం పరిచింది మా ఆయనే. ఫోన్ చేస్తే, వెనక గది ఖాళీగానే ఉంది, మేస్త్రీని తీసుకురా అమ్మాయ్ అంది. ఇద్దరం వెళ్లాం. వెళ్లగానే ఆయన చెప్పులు విప్పి, గది నేల మీద అటూ ఇటూ నడిచాడు. ఒక్క బండ కూడా కదల్లేదు చూడవే అన్నాడు. అన్నాళ్ల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను.

డాక్టరు గాలి సంగతి చెప్పాడు గానీ, చప్పుడు సంగతి చెప్పలేదు. శనివారం మధ్యాహ్నం నుంచి కార్లు దిగేవి. పక్క రిసార్టులో డీజే. ఇసుకలో తిప్పే బండ్ల రొద. చేపల వేపుడు బండ్ల వాళ్ల అరుపులు. లోపలికి పోవద్దని పోలీసుల మైకు, ఈలలు. కరెంటు పోతే అందరి జనరేటర్లూ ఒక్కసారిగా మొదలయ్యేవి. సముద్రం పక్కనే ఉండి, దాని చప్పుడు మంగళవారమో బుధవారమో తప్ప నేను వినలేదు.

మొదట చెవుల్లో దూది పెట్టుకున్నాను. దూదికి లొంగే రొద కాదది. తర్వాత ఊరి నుంచి కుట్టుమిషన్ తెప్పించుకుని, డీజే మొదలవగానే తొక్కడం మొదలుపెట్టేదాన్ని. కనీసం నా చప్పుడు నాదిగా ఉండేది. ఆదివారాలు మేమిద్దరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. నీళ్లకు ఒక సైగ, మందుకు ఒక సైగ. మా ఆయన మాత్రం హాయిగా నిద్రపోయేవాడు. బండ కోసే మిషన్ పక్కన పని చేసినవాడికి ఇదో లెక్కా?

కొన్ని నెలలుండి, ఊపిరి కొంచెం తేలిక పడగానే ఊరికి వచ్చేవాళ్లం. ఊళ్లో దుమ్ము మళ్లీ పట్టుకునేది. మళ్లీ మూట కట్టుకుని వాడరేవు. ఇలా రెండేళ్లు తిరిగాం. ప్రతిసారీ బస్సు దిగి ఆయన నడిచే దూరం తగ్గుతూ వచ్చింది. చివరిసారి వర్షాకాలం పోయాక వెళ్లినప్పుడు ఆటో నుంచి గదిలోకి నేనూ ఆదిలక్ష్మి అక్కా చెరోపక్క పట్టుకుని తీసుకెళ్లాం. గోడవారగా చాప మీద పడుకోబెట్టాం. ఆ తర్వాత ఆయన పెద్దగా లేచింది లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం డీజే మోగుతూనే ఉంది. నేను బియ్యం ఏరుతున్నాను. గుమ్మం దగ్గర నేల మీద ఎవరో కొట్టిన చప్పుడైంది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకో దెబ్బ. అంత రొదలో అది విడిగా వినపడింది. ఎదురుగా కూర్చుని అరిస్తే వినపడని చోట ఆ చిన్న చప్పుడు ఎలా వినపడిందో నాకు తెలియదు. పిల్లలెవరైనా తలుపు కొట్టారేమోనని చూశాను. ఎవరూ లేరు.

వెనక్కి తిరిగితే మా ఆయన తల ఎత్తి గుమ్మం వైపు చూస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను.

"గట్టిదే" అన్నాడు.

ఆయనకూ వినపడిందన్నమాట. ఏంది గట్టిదని అడిగితే, బండ అన్నాడు, అంతే.

తర్వాత వారమంతా ఏమీ లేదు. శనివారం డీజే మొదలయ్యాక మళ్లీ అదే చప్పుడు. ఈసారి గుమ్మం పక్క బండ కాదు, దాని ఇవతలి బండ. ఆ తర్వాత ఇంకో బండ. ఎప్పుడు వచ్చినా పగటి పూటే, అదీ బయట రొద మిన్నంటినప్పుడే. ఒకసారి నేను ఆ బండ మీద అరచెయ్యి ఆనించి ఉంచాను. దెబ్బ పడటం చేతికి తెలిసింది. చెయ్యి లాగేసుకున్నాను.

నేను ఊరుకునేదాన్ని కాదు. గది కింద ఏముందని ఆదిలక్ష్మి అక్కను అడిగాను. మట్టి తప్ప ఏముంటుంది, పునాది వేసినప్పుడు నీ మొగుడే చూశాడు గదా అంది. పైపులు కూడా అటు వైపు లేవు. ఒక రోజు ఆమెను గదిలో కూర్చోబెట్టుకున్నాను. చప్పుడు వచ్చింది. నేనూ మా ఆయనా ఉలిక్కిపడ్డాం. ఆమె మాత్రం చీపురు ఎక్కడ పెట్టావని అడుగుతూనే ఉంది. ఆమెకు ఏమీ వినపడలేదు.

చాపను ఎదురు మూలకు మార్చాను. చప్పుడు కూడా అటే తిరిగింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. మా ఆయన మాత్రం పని సంగతి మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడాడు.

"ఎవరో మేస్త్రీ చెక్ చేస్తన్నాడే. గుమ్మం కాణ్ణుంచి వస్తన్నాడు. మనం ఇంటికి పోదాం. మనింట్లో బండల్లేవు గదా, ఆడికి రాడు."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆడ దుమ్ముకు చస్తావయ్యా అన్నాను. ఈడ దీనికి చస్తానే అన్నాడు. డాక్టరు చెప్పింది వినాలా, నేల చెప్పింది వినాలా? నేను డాక్టరు మాటే పట్టుకున్నాను. కదలనన్నాను. ఆయనకు వాదించేంత ఊపిరి లేదు, గోడ వైపు తిరిగాడు.

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకని జనం విరగబడి వచ్చారు. మైకుల్లో భక్తి పాటలు, పక్కన డీజే, తప్పిపోయిన వాళ్ల పేర్లు. ఆయనకు గంజి పడుతున్నాను. చప్పుడు సరిగ్గా చాప కిందే వచ్చింది. రెండు దెబ్బలు, ఆగి ఇంకొకటి. డొల్ల. ఖాళీ బిందె మీద కొట్టినట్టు, అంత స్పష్టంగా.

ఆయన మొహంలో భయం లేదు, కోపం ఉంది. గంజి గిన్నె పక్కకు తోసేశాడు.

"నా బండ డొల్ల పలకదు. చాప తియ్యవే."

నేను ఆయన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి చాప చుట్టాను. ఆయన గరిటె కాడతో బండ మీద కొట్టాడు. గట్టిగా పలికింది. మళ్లీ కొట్టాడు. గట్టిగానే పలికింది. నేనూ కొట్టి చూశాను. అప్పుడు చూశాం, ఆయన తలగడ ఉండే చోట బండ మీద తెల్లగా సుద్దతో గీసిన ఇంటూ గుర్తు. ఆ చాప మీద మనిషి రాత్రీ పగలూ పడుకునే ఉన్నాడు. ఆ పొద్దున నేను ఆయన్ను పక్కకు జరిపి, చాప ఎత్తి తడిగుడ్డ పెట్టి తుడిచినప్పుడు అక్కడ ఏ గుర్తూ లేదు. మా గదిలో సుద్ద లేదు. గుడ్డల మీద గీతకు నేను వాడేది నీలం రంగుది.

తడిగుడ్డతో తుడిచేశాను. ఆయన ఆ చోటునే చూస్తూ కూర్చున్నాడు. ఆ కళ్లు చూశాక ఇక కాదనలేకపోయాను. సామాను అక్కడే వదిలేసి, మర్నాడు కారు మాట్లాడుకుని ఊరికి వచ్చేశాం.

ఊళ్లో తలుపులకీ కిటికీలకీ తడి చీరలు కట్టాను. ఆయన పగుళ్ల గచ్చు మీద పడుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. రెండు పూటలా ఇంత అన్నం తిన్నాడు. "చెప్పలా?" అన్నాడు నవ్వుతూ. నాకు కూడా ఆశ పుట్టింది. బండలు పరచకపోవడమే మంచిదైందని, ఇన్నేళ్లు సాధించినందుకు నాకు నేనే నవ్వుకున్నాను. ఆ నాలుగు రోజులే మాకు దక్కినవి.

ఐదో రోజు పొద్దున్నే దగ్గుతూ దగ్గుతూ ఒక్కసారిగా ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. అంబులెన్సులో నరసరావుపేట చేర్చాను. డాక్టరు ఆయన్ను కూర్చోబెట్టి, వీపు మీద ఒక చేతి వేలు ఆనించి, రెండో చేతి వేలితో దాని మీద కొట్టాడు. పై నుంచి మొదలుపెట్టి కొట్టుకుంటూ కిందికి వచ్చాడు. ఎడమ వైపు గట్టిగా పలికింది. కుడి వైపు కొట్టాడు.

ఆ చప్పుడు నాకు తెలుసు.

"డొల్లే గదా సార్" అన్నాడు మా ఆయన, ఊపిరి అందకుండానే. డాక్టరుకు అర్థం కాలేదు. ఊపిరితిత్తి చిట్లి చుట్టూ గాలి చేరిందనీ, వెంటనే పైపు వెయ్యాలనీ నాతో చెప్పాడు. నర్సు వచ్చి, పైపు వేసే చోట పక్కటెముకల మీద పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టింది. ఆయన తల వంచి ఆ గుర్తును చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆ రోజు సాయంత్రానికే అయిపోయింది.

దినాలు అయ్యాక మిషన్, గిన్నెలు తెచ్చుకోవడానికి వాడరేవు వెళ్లాను. ఆదిలక్ష్మి అక్కకు మేం వచ్చేసిన మర్నాడే ఫోన్‌లో సంగతంతా చెప్పాను. ఆమెకు మనసొప్పక ఆ ఒక్క బండ పీకించింది. గదిలో ఆ చోట కొత్త సిమెంటు ఉంది. పాత బండ ముక్కలు పెరట్లో గోడ పక్కన పోసి ఉన్నాయి.

"ఇద్దరు కూలోళ్లు పొద్దున్నుంచి కొట్టారు అమ్మాయ్. అది లేస్తేనా! ముక్కలు ముక్కలైంది గానీ మాలు వదల్లా. కింద వేలు దూరే సందు కూడా లేదు. చానా గట్టి పని మీ ఆయనది" అంది.

ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. అడుగున మాలు అంటుకునే ఉంది, నిండుగా.

ఆ చప్పుడు చేసిందెవరో, ఆ సుద్ద గీత ఎవరు గీశారో నాకు ఇవాళ్టికీ తెలియదు. రోగం వల్ల ఆయన మనసే అలా కల్పించుకుందనుకుంటే, నా చేతికి తగిలిన దెబ్బ ఏమిటి? ముందే చెప్పడానికి వచ్చిందనుకుంటే, చెప్పి ఏం లాభం, ఆపలేనప్పుడు? ఎంత ఆలోచించినా అక్కడే ఆగిపోతాను.

ఆదిలక్ష్మి అక్కను ఆ బండ ఎప్పుడు పీకించావని అడిగాను. మేం ఊళ్లో ఉన్న ఆ నాలుగు రోజుల్లోనే. ఫోన్ చేద్దామనుకుందట. ఆదివారం రద్దీలో పడి మర్చిపోయిందట. చేసినా ఆయన బతికేవాడు కాదు, నాకు తెలుసు. నీ బండ గట్టిదేనంటయ్యా అని మాత్రం చెప్పి ఉండేదాన్ని.